పాత ఇంజను ఊగుతుంటే ముందు కార్బురేటర్ వెనక చూడండి

చివరి మడికి ఒక్క తడి అందితే పంట గట్టెక్కుతుంది. సరిగ్గా ఆ రోజే ఇంజను మొరాయిస్తుంది. తాడు లాగితే అంటుకుంటుంది. రెండు నిమిషాలు బాగానే నడుస్తుంది. తర్వాత ఉయ్యాల ఊగినట్టు స్పీడు పెరుగుతూ, తగ్గుతూ ఉంటుంది. చోకు సగం మూస్తే నిలబడుతుంది, తెరిస్తే ఆగిపోతుంది. ఇంజనును సైకిలు మీదో ఆటోలోనో వేసుకుని టౌనుకు పోతే మెకానిక్కు కార్బురేటరు కడిగి, ప్లగ్గు మార్చి పంపుతాడు. మళ్ళీ అదే తంతు. రెండోసారి పోతే “రింగులు పోయాయి, బోరు చేయించాలి” అంటాడు. ఈలోగా నారు ఎండిపోతుంది, లేదా గంటకు ఇంతని అద్దె ఇంజను తెచ్చుకోవలసి వస్తుంది.

బోరు దాకా పోయే ముందు చూడవలసిన చోటు ఒకటుంది. కార్బురేటరుకూ ఇంజను బ్లాకుకూ మధ్య వేలెడు మందం కూడా లేని ఒక నల్లటి దిమ్మ ఉంటుంది. దానికి అటూ ఇటూ ఒక్కొక్క కాగితం ప్యాకింగు ఉంటుంది. చాలా ఇంజన్లలో జబ్బు అక్కడే ఉంటుంది. రైతు స్వయంగా, రెండు స్పానర్లతో, ఒక పూటలో చూసుకోగల పని ఇది.

ఈ మాటలు పెట్రోలుతో నడిచే, లేక పెట్రోలు మీద మొదలుపెట్టి కిరోసిన్ మీద నడిపే చిన్న పంపు ఇంజన్ల గురించి. డీజిల్ ఇంజనుకు కార్బురేటరే ఉండదు కనుక దానికి ఇవి వర్తించవు.

సైడ్ వాల్వు ఇంజను అంటే

ఇంజను పైభాగాన రెక్కలున్న పలక ఒక్కటే ఉండి, దాని మీద ప్లగ్గు తప్ప మరేమీ లేకపోతే అది సైడ్ వాల్వు ఇంజను. వాల్వులు రెండూ హెడ్డులో కాకుండా సిలిండరు పక్కన, బ్లాకులోనే, తలకాయలు పైకి పెట్టి నిలబడి ఉంటాయి. హెడ్డు వట్టి మూత. అందుకే దీన్ని ఫ్లాట్ హెడ్ అని కూడా అంటారు. మన వైపు పాత గ్రీవ్స్ ఎం.కె. రకాలు, శ్రీరామ్ హోండా పేరుతో వచ్చిన పాత కిరోసిన్ పంపుసెట్లు ఈ కోవలోవే. కొత్తగా వచ్చే ఇంజన్లలో వాల్వులు హెడ్డులోకి మారాయి. కార్బురేటరు వెనక దిమ్మ మాత్రం వాటికీ ఉంటుంది.

ఈ తరహా ఇంజను తక్కువదేమీ కాదు. అమెరికాలో 1932లో ఫోర్డ్ కంపెనీ సామాన్యుడికి అందే ధరలో ఎనిమిది సిలిండర్ల కారు తెచ్చింది ఫ్లాట్ హెడ్ ఇంజనుతోనే. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపుదీ ఇదే పద్ధతి. మన అంబాసిడర్ కూడా మొదట్లో సైడ్ వాల్వు ఇంజనుతోనే వచ్చింది. దీంట్లో సామాను తక్కువ. హెడ్డు విప్పితే పిస్టను, రెండు వాల్వులు కళ్ళముందే కనిపిస్తాయి. బొగ్గు గీకడం సులువు. పేదవాడి ఇంజను అనిపించుకోవడానికి కారణం అదే.

చిక్కల్లా వేడితో. కాలిన పొగ బయటికి పోయే దారి కూడా బ్లాకులోంచే, సిలిండరును ఆనుకునే పోతుంది. వాల్వులు రెండూ ఒకే పక్క ఉండటం వల్ల చాలా ఇంజన్లలో సైలెన్సరు, కార్బురేటరు దగ్గర దగ్గరగా ఉంటాయి. బ్లాకు వేడి నేరుగా కార్బురేటరుకు ఎక్కితే గిన్నెలోని పెట్రోలు ఉడుకుతుంది. పెట్రోలు ఆవిరై బుడగలు కడితే జెట్టులోకి సరిగా రాదు. గంటసేపు నడిపి, ట్యాంకు నింపుదామని ఆపి, మళ్ళీ తాడు లాగితే ఎత్తుకోదు. అరగంట చల్లారాక ఒక్క లాగుకే అంటుకుంటుంది. ఇది చాలామందికి అనుభవమే. ఈ వేడిని ఆపడానికే ఆ దిమ్మను పెట్టారు. బేకలైట్ లాంటి వేడి పాకని పదార్థంతో చేస్తారు. మెకానిక్కులు ఇన్సులేటరు అనీ, స్పేసరు అనీ, కొన్నిచోట్ల బేకలైట్ ముక్క అనీ పిలుస్తారు.

సక్షన్ పైపు సంగతి మీకు తెలుసు

పంపు నీరు ఎత్తకపోతే మీరు మొదట ఏం చూస్తారు? ఫుట్ వాల్వు, ఆ తర్వాత సక్షన్ పైపు. పైపుకు సూది బెజ్జం పడితే అక్కడ చుక్క నీరు కారదు. కానీ గాలి లోపలికి లాగుతుంది, పంపు నీరు వదిలేస్తుంది. డెలివరీ పైపు పగిలితే చిమ్ముతుంది కాబట్టి కనబడుతుంది. సక్షన్ పైపు పగిలితే కనబడదు.

కార్బురేటరు వెనక అతుకు అచ్చం సక్షన్ పైపు లాంటిదే. పిస్టను కిందికి దిగినప్పుడు గాలిని పీలుస్తుంది. ఆ గాలి కార్బురేటరు గొంతులోంచి పోతూ జెట్టు ద్వారా పెట్రోలును వెంట తీసుకుపోవాలి. దిమ్మ దగ్గర సందు ఉంటే కొంత గాలి అడ్డదారిన దూరుతుంది. ఆ గాలి జెట్టు మీదుగా పోలేదు కనుక పెట్రోలును తేదు. మిశ్రమం పల్చబడుతుంది. బయట చూస్తే తడి ఉండదు, మరక ఉండదు, చప్పుడు కూడా ఇంజను మోతలో కలిసిపోతుంది. అందుకే ఎంత అనుభవం ఉన్నవాడి కన్నయినా కప్పుతుంది.

చిన్న ఇంజనుకు ఈ జబ్బు ఎక్కువ బాధ. 200 సి.సి. ఇంజను నిమిషానికి 3,600 చుట్లు తిరిగితే 1,800 సార్లు గాలి పీలుస్తుంది. థ్రోటిల్ పూర్తిగా తెరిచి ఉన్నా ఆ గాలి మొత్తం 360 లీటర్లకు మించదు. సగం మూసి ఉంటే ఇంకా తక్కువ. అదే జీపు ఇంజను 2,200 సి.సి. ఉంటుంది. ఒకే సైజు బెజ్జం జీపుకు ఉంటే పెద్దగా తెలియకపోవచ్చు. మీ పంపు ఇంజనుకు ఉంటే ఊపిరాడదు.

జీపులు, పాత కార్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. ఆ ఇంజన్లు పీల్చే శక్తిని వేరే పనులకు కూడా వాడుకునేవారు. కార్బురేటరు కింది పైపుకో, దాని కింద పెట్టే దిమ్మకో చిన్న రంధ్రం పెట్టి, రబ్బరు గొట్టం తగిలించి, అద్దం తుడిచే వైపర్లు నడిపేవారు. పాత ఫోర్డ్ ఎనిమిది సిలిండర్ల ఇంజనులో ప్లగ్గుకు నిప్పు అందే సమయాన్ని అదుపు చేయడానికీ ఇదే శక్తిని వాడారు. అలాంటి బండ్లను ఇప్పుడు బాగుచేసుకునే వాళ్ళకు మొదటి తలనొప్పి ఈ రంధ్రాలే. వైపరు తీసేసి రంధ్రం మూయడం మరిస్తే చాలు, ఇంజను స్లోలో నిలబడదు. మీ పంపు ఇంజనుకు ట్యాంకు కార్బురేటరు కంటే పైనే ఉంటుంది కాబట్టి ఇలాంటి రంధ్రాల అవసరం సాధారణంగా ఉండదు. అయినా పాత సామాన్ల కొట్టులో మరో ఇంజను దిమ్మ తెచ్చి వేయించి ఉంటే దాని పక్కన రంధ్రం ఏమైనా ఉందేమో వేలితో తడిమి చూడండి.

గాలి లీకా, జెట్టు మూసుకుపోయిందా?

ఇక్కడే ఎక్కువ మంది పొరపాటు పడతారు. రెండిట్లోనూ పెట్రోలు చాలదు, రెండిట్లోనూ చోకు మూస్తే ఇంజను నిలబడుతుంది. కానీ తేడా ఉంది.

థ్రోటిల్ మూసి ఉన్నప్పుడు ఇంజను లోపల పీల్పు ఎక్కువ. కాబట్టి సందులోంచి దూరే గాలి ప్రభావం స్లోలో ఎక్కువగా కనిపిస్తుంది. పంపు నీరు ఎత్తుతూ పూర్తి లోడు మీద ఉన్నప్పుడు థ్రోటిల్ తెరుచుకుని ఉంటుంది, పీల్పు తగ్గుతుంది, లీకు అంతగా తెలియదు. “లోడు మీద బాగానే పోతోంది, స్లో చేస్తేనే ఊగుతోంది, ఆగిపోతోంది” అంటే గాలి లీకును అనుమానించండి. “స్లోలో ఫరవాలేదు, నీరు ఎత్తేసరికి చచ్చిపోతోంది” అంటే మెయిన్ జెట్టులో నలకో, ట్యాంకు కాక్ దగ్గర జల్లెడలో చెత్తో, ట్యాంకు మూతకుండే గాలి బెజ్జం మూసుకుపోవడమో అయి ఉంటుంది. ఈ లెక్క నూటికి నూరుపాళ్ళు కుదరకపోవచ్చు. కానీ స్పానరు ముందు ఎక్కడ పెట్టాలో చెబుతుంది.

ప్లగ్గు విప్పి చూడండి. కొన పాలిపోయి సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే మిశ్రమం పల్చగా ఉందన్నమాట. ఇటుక పొడి రంగో, లేత గోధుమ రంగో ఉంటే బాగున్నట్టు. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. అప్పుడు దిమ్మ జోలికి పోవద్దు. ఎయిర్ ఫిల్టరు, చోకు, ఫ్లోటు చూసుకోండి. కార్బురేటరు నోట్లోంచి “టప్ టప్” మని తుమ్మినట్టు చప్పుడు రావడం కూడా పల్చటి మిశ్రమానికి గుర్తే.

దీన్ని ఇలాగే వదిలేసి చోకు సగం మూసుకుని సీజనంతా లాక్కొచ్చే రైతులు ఉన్నారు. పని జరుగుతోంది కదా అనిపిస్తుంది. కానీ చోకు అన్ని స్పీడులకూ సరిపోదు. ఒకచోట పల్చగా, ఒకచోట చిక్కగా అవుతుంది. పల్చటి మిశ్రమంతో లోడు లాగితే ఇంజను వేడెక్కి, సైలెన్సరు వైపు వాల్వు అంచు కాలి తినేస్తుంది. సీటు కూడా దెబ్బతింటుంది. తర్వాత తాడు లాగితే చేతికి బిగువు తెలియదు, తేలిగ్గా వచ్చేస్తుంది. అప్పుడు మెకానిక్కు చెప్పే పెద్ద రిపేరు నిజంగానే అవసరమవుతుంది. చాలా చిన్న సైడ్ వాల్వు ఇంజన్లలో వాల్వు సందు సరిచేయడానికి స్క్రూ ఉండదు, వాల్వు కాడ కింది కొనను అరగదీసి సరిచేయాలి. అది చేయి తిరిగిన వాడి పని. అందరూ సరిగా చేయరు.

ఇప్పటి పెట్రోలుతో ఇంకొంచెం జాగ్రత్త

ఈ ఇంజన్లు తయారైన నాటి పెట్రోలు వేరు, ఇప్పుడు బంకులో పోసేది వేరు. పెట్రోలులో ఇథనాల్ కలపడం క్రమంగా పెరిగింది. 2022లో నూటికి 10 పాళ్ళు దాటింది, 2025 నాటికి దేశమంతటా 20 పాళ్ళకు చేరింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ కలిసే ఉంటుంది. కాబట్టి దాన్ని మండించడానికి గాలి తక్కువ కావాలి. వట్టి పెట్రోలు కిలో మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. 20 పాళ్ళు కలిసిన దానికి సుమారు 13.5 కిలోలు చాలు. పాత జెట్టు పాత లెక్క ప్రకారమే పెట్రోలు వదులుతుంది. అంటే ఏ లీకూ లేకుండానే మీ ఇంజను మునుపటి కంటే కాస్త పల్చటి మిశ్రమంతో నడుస్తోంది. దాని మీద దిమ్మ దగ్గర గాలి కూడా తోడైతే ఒకప్పుడు ఓర్చుకున్న లీకును ఇప్పుడు ఓర్చుకోలేదు.

జెట్టు బెజ్జాన్ని తీగతో గీకి పెద్దది చేయమని కొందరు సలహా ఇస్తారు. వినకండి. బెజ్జం ఒకసారి వంకర పోతే మళ్ళీ సరికాదు. స్లో స్క్రూ ఉన్న కార్బురేటరయితే పావు చుట్టు విప్పి చూడవచ్చు. అంతకు ముందు లీకు లేదని తేల్చుకోవాలి.

ఇథనాల్ నీటిని పీలుస్తుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలు, వాషర్లు దీనిలో ఉబ్బడమో, బిరుసెక్కి పగలడమో జరుగుతుంది. సీజను అయ్యాక ట్యాంకులో పెట్రోలు ఉంచి ఇంజనును మూలన పెట్టకండి. ట్యాంకు ఖాళీ చేసి, కాక్ మూసి, ఆగిపోయేదాకా నడిపి, కార్బురేటరు గిన్నె అడుగు స్క్రూ విప్పి మిగిలిన చుక్క కూడా వదిలేయాలి.

లీకు పట్టడం ఎలా?

ఇంజను ఆపి, చల్లారాక, కార్బురేటరును చేత్తో పట్టుకుని ఊపి చూడండి. కదిలితే సగం జవాబు దొరికినట్టే. అదురుడుకు నట్లు వదులవుతాయి. బిగించి నడిపి చూడండి. అంతటితో తీరిపోతే మీ అదృష్టం.

కదలకపోతే ఇంజను నడిపి, వేడెక్కాక స్లో చేయండి. చిక్కటి ఇంజను ఆయిలును పాత సిరంజితోనో చిన్న కుంచెతోనో తీసుకుని, దిమ్మ రెండు అతుకుల చుట్టూ కొద్దికొద్దిగా అంటించండి. ఒక పక్క, తర్వాత ఇంకో పక్క. తొందరపడకూడదు. ఒకచోట ఆయిలు పడగానే ఇంజను ఊగడం తగ్గి, స్పీడు మారి కుదురుకుంటే సందు అక్కడే ఉంది. ఆయిలు లోపలికి పోయి, కాస్త తెల్లటి పొగ కూడా రావచ్చు. సబ్బు నీటి చుక్కలతో కూడా చూడవచ్చు.

కొందరు మెకానిక్కులు ఈ పరీక్షకు పెట్రోలు చల్లుతారు. స్పీడు పెరగడం బాగా తెలుస్తుంది, నిజమే. కానీ పక్కనే సైలెన్సరు కాలుతూ ఉంటుంది, పైన నిండు ట్యాంకు ఉంటుంది. దయచేసి ఆ పని చేయకండి, మీ ఎదుట ఎవరినీ చేయనివ్వకండి.

ఇంజను నడిపి చూసేది ఆరుబయటే. మూసిన పాకలో వద్దు. మరీ ముఖ్యంగా బావిలోకి దించిన ఇంజను దగ్గర వద్దు. నీటిమట్టం 6–7 మీటర్ల కంటే లోతుకు పోతే పంపు లాగలేదు కనుక ఇంజనునే బావిలో మెట్టు మీదికి దించుతుంటారు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. రంగు, వాసన ఉండవు. బావిలో నిలిచిపోతుంది. ఇంజను ఆగిపోయిందని దిగినవాడూ, అతన్ని తీయబోయి దిగినవాడూ ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు ఉన్నాయి. పెట్రోలు, కిరోసిన్ ఇంజనును బావిలో నడపవద్దు.

ఆయిలు పరీక్షలో ఏమీ తేలకపోతే థ్రోటిల్ కడ్డీ కార్బురేటరులోకి దూరే చోట కూడా ఒక చుక్క వేయండి. ఏళ్ళ తరబడి గవర్నరు లాగీ లాగీ ఆ బెజ్జం అరిగిపోతుంది. కడ్డీ చుట్టూ గాలి దూరుతుంది. అది ప్యాకింగుతో పోయే జబ్బు కాదు. లేతు మీద బుష్ వేయించాలి, లేదా కార్బురేటరు మార్చాలి.

విప్పి బిగించే పద్ధతి

పెట్రోలు కాక్ మూయండి. గవర్నరు కడ్డీ, సన్నటి స్ప్రింగు ఏ బెజ్జంలో తగిలించి ఉన్నాయో విప్పక ముందే సెల్‌ఫోనులో ఫొటో తీసుకోండి. స్ప్రింగు ఒక్క బెజ్జం అటూ ఇటూ అయినా స్పీడు మారిపోతుంది. ఎయిర్ క్లీనరు తీసి, రెండు నట్లు విప్పి, కార్బురేటరును నెమ్మదిగా వెనక్కి లాగుతూ కడ్డీని వంచకుండా తప్పించండి. దిమ్మ ఏ ముఖం ఎటు ఉందో గుర్తు పెట్టుకోండి. కొన్నిటికి ఒక వైపు గాడి ఉంటుంది. తిరగేసి బిగిస్తే కుదరదు.

బ్లాకు బెజ్జంలో గుడ్డ కుక్కి, అంటుకుపోయిన పాత ప్యాకింగును వెదురు పుల్లతో గీకండి. ఉలి, రంపం ముక్క వాడితే గీతలు పడతాయి. గుడ్డ తీయడం మరవకూడదు.

ఇక దిమ్మను ఎండలో పట్టుకుని చూడండి. నట్టు బెజ్జాల నుంచి మధ్య బెజ్జానికి వెంట్రుక లాంటి పగుళ్ళు వచ్చి ఉంటాయి. పగిలిన దిమ్మను ఏ జిగురూ బాగు చేయదు, కొత్తది వేయాలి. తర్వాత కార్బురేటరు చెవులు చూడండి. అసలు దోషి చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది. లీకు ఆగాలని నట్లను బలంకొద్దీ బిగిస్తారు. కార్బురేటరు మెత్తటి పోత లోహం. రెండు చెవులూ ముందుకు వంగి, మధ్యలో విల్లులా పొంగుతుంది. ఎంత బిగిస్తే అంత పొంగుతుంది, అంత గాలి లాగుతుంది. పాత అద్దం ముక్క మీద పెట్టి చూస్తే ఊగుతుంది. అప్పుడు ఆ అద్దం మీదే సన్నటి నీటి ఎమరీ కాగితం పరిచి, రెండు చుక్కల నూనె వేసి, కార్బురేటరు ముఖాన్ని గుండ్రంగా తిప్పుతూ నింపాదిగా రుద్దండి. ముఖం అంతా ఒకే మెరుపు వచ్చేదాకా రుద్దాలి. దిమ్మ వంకరగా ఉంటే దానికీ ఇదే వైద్యం. తర్వాత పెట్రోలుతో కడిగి, బెజ్జాలన్నిటిలోకీ గాలి ఊదాలి. ఎమరీ పొడి ఒక్క రేణువు లోపల మిగిలినా సిలిండరును గీస్తుంది.

ప్యాకింగు కంపెనీది దొరికితే అదే వేయండి. దొరకకపోతే అర మిల్లీమీటరు మందం ఉన్న గ్యాస్కెట్ కాగితం ఆటో సామాన్ల షాపుల్లో అమ్ముతారు. కార్బురేటరు ముఖానికి వేలితో ఆయిలు పూసి, కాగితం మీద ముద్ర వేసి, కత్తెరతో కోసుకోవచ్చు. మధ్య బెజ్జం గొంతు కంటే చిన్నది కాకూడదు. కార్బురేటరు ముఖం మీద చిన్న బెజ్జాలేవైనా ఉంటే అవి మూసుకుపోకుండా పాత ప్యాకింగు ప్రకారమే కోయాలి. సైకిలు ట్యూబు ముక్క, చెప్పు రబ్బరు, పుస్తకం అట్ట పనికిరావు. రబ్బరు పెట్రోలుకు ఉబ్బి గొంతులోకి జారుతుంది. సిలికాన్ గమ్ము కూడా పెట్రోలుకు ఆగదు, ఊడి వచ్చిన ముక్క లోపలికి పోతుంది. ప్యాకింగు పొడిగానే వేయండి, లేదా వేలి కొనతో కాస్త గ్రీజు రాస్తే చాలు.

వరస ఇది: బ్లాకు, ప్యాకింగు, దిమ్మ, ప్యాకింగు, కార్బురేటరు. రెండు నట్లనూ ముందు చేత్తో తిప్పి, తర్వాత స్పానరుతో ఒకదానికి పావు చుట్టు, రెండోదానికి పావు చుట్టు చొప్పున మార్చి మార్చి బిగించాలి. స్పానరును చివర కాకుండా తలకాయ దగ్గర పట్టుకుంటే బలం మితి మీరదు. ఒకసారి నడిపి, పూర్తిగా చల్లారాక, మరొక్కసారి అదే సుతారంగా బిగువు చూడండి. కొత్త కాగితం నొక్కుకుని కాస్త వదులిస్తుంది.

అల్యూమినియం ముక్క వేస్తే?

దిమ్మ దొరకలేదని లేతు మీద అల్యూమినియం ముక్క చేయించి వేసే మేస్త్రులు ఉన్నారు. పగలదు, గాలి లాగదు, “కిరోసిన్ మీద ఇంకా బాగా పోతోంది” అంటారు. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. కిరోసిన్ పెట్రోలులా సులువుగా ఆవిరి కాదు, వేడి తగిలితేనే మండటానికి లొంగుతుంది. అందుకే ఇంజనును పెట్రోలు మీద నడిపి, వేడెక్కాకే కిరోసిన్‌కు మార్చాలంటారు. కానీ అల్యూమినియం వేడిని నేరుగా కార్బురేటరుకు మోస్తుంది. పెట్రోలు మీద వేడి ఇంజను మళ్ళీ ఎత్తుకోదు. ఇప్పుడు రేషను కిరోసిన్ మీద ఆధారపడే రోజులు చాలాచోట్ల పోయాయి, ఎక్కువ మంది పూర్తిగా పెట్రోలు మీదే నడుపుతున్నారు. అలాంటి ఇంజనుకు అల్యూమినియం ముక్క వేయించడం తగదని నా అభిప్రాయం. గట్టి కర్రతో చేసింది వేడిని ఆపుతుంది గానీ పెట్రోలు పీల్చి, ఎండి, బీటలిస్తుంది. నాలుగు రోజుల గండం గట్టెక్కడానికి తప్ప పనికిరాదు. కరెంటు ప్యానెళ్ళకు వాడే బేకలైట్ షీటు దొరికితే, అసలు దిమ్మ కొలతతో కోయించుకోవడం మేలు.

కొలత అన్నప్పుడు మందం కూడా చూడాలి. మందం పెరిగితే కార్బురేటరు ముందుకు జరుగుతుంది. గవర్నరు కడ్డీ పొడవు మాత్రం అంతే ఉంటుంది. థ్రోటిల్ పూర్తిగా తెరుచుకోదు, లేదా పూర్తిగా మూసుకోదు. నీరు తగ్గిందని పంపును తిడతారు. మందపు దిమ్మ వేస్తే పవరు పెరుగుతుందని పందెం కార్ల వాళ్ళ దగ్గర ఒక మాట ఉంది. ఒకే స్పీడులో గంటల తరబడి తిరిగే పంపు ఇంజనుకు దానితో ఒరిగేదేమీ లేదు.

కిరోసిన్ దొరికి దాని మీదే నడిపేవారు మరో సంగతి గమనించాలి. ఆపబోయే ముందు కొన్ని నిమిషాలు పెట్రోలుకు మార్చి, గిన్నెలో కిరోసిన్ అయిపోయాక ఆపాలి. లేకపోతే మర్నాడు చల్లటి ఇంజను ఎత్తుకోదు. కాలని కిరోసిన్ రింగుల పక్కనుంచి జారి ఆయిలులో కలుస్తుంది. వాడుతున్న కొద్దీ ఆయిలు మట్టం తగ్గాలి గానీ పెరగకూడదు. పెరిగిందంటే, ముట్టుకుంటే పల్చగా ఉండి కిరోసిన్ వాసన వస్తే, గంటల లెక్క చూడకుండా ఆయిలు మార్చేయండి.

ఇంత చేసినా ఊగడం తగ్గకపోతే అప్పుడు జెట్టు, ఫ్లోటు, గవర్నరు స్ప్రింగు వరసగా చూడవలసిందే. తాడు లాగినప్పుడు బిగువు లేకపోతే హెడ్డు విప్పి వాల్వులు చూపించండి. మెకానిక్కు దగ్గరికి పోయినప్పుడు లోడు మీద ఎలా ఉంది, స్లోలో ఎలా ఉంది, ప్లగ్గు ఏ రంగులో ఉంది, దిమ్మ ప్యాకింగు ఎప్పుడు మార్చారు అన్నవి ముందే చెప్పండి. విప్పిన పాత దిమ్మను పారేయకుండా జేబులో వేసుకుపోతే సామాన్ల కొట్టులో సరైన కొలతది దొరుకుతుంది. కొన్నప్పుడు ప్యాకింగులు రెండు కాకుండా నాలుగు తీసుకుని, ఒక జత పాత నోటు పుస్తకం మధ్య మడత పడకుండా దాచుకోండి.